తిన్నింటి వాసాలు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి మనవాళ్ళు మనిషి కింద జమకట్టరు. భోజనానికి పిలిచేరు, పీట వేసేరు, కొసరి కొసరి వడ్డించేరు. తిన్నవాడు తలవంచుకుని తిని, చెయ్యి కడుక్కుని, తాంబూలం పుచ్చుకుని, "వంట అమృతంలా ఉందండీ" అని లేచి రావాలి గాని, తలెత్తి కప్పుకేసి చూసి, "ఈ వాసం పుచ్చిందండోయ్, ఆ వాసం వంకరండోయ్" అంటే వాడికన్న కృతఘ్నుడు ఇంకొకడుంటాడా?

ఒక్కటే చిక్కు. నా వృత్తి అదే.

నేను కంప్యూటరు సామాన్ల గురించి పత్రికల్లో రాస్తుంటాను. అందులోనూ ముఖ్యంగా రెండు రకాలు: తెరమీద బొమ్మని ఆడించే గ్రాఫిక్స్ కార్డులూ, సమాచారాన్ని దాచిపెట్టే డ్రైవులూ. మొదటిది చిత్రకారుడు, రెండోది కరణం అనుకోండి. చిత్రకారుడు ఎంత చురుగ్గా గీస్తాడు, కరణం ఎన్ని కవిలెకట్టలు దాస్తాడు, అడిగిన కాగితం ఎంతసేపట్లో తీసి ఇస్తాడు - ఇదంతా కొలిచి చెప్పడం నా పని. ఇలాంటి పని చెయ్యాలంటే బెంగుళూరులోనో తైవానులోనో ఉండాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. రాజమండ్రిలో, గోదావరి గట్టుకి నాలుగు వీధుల ఇవతల, ఒక బల్లా, ఒక ఫేనూ, కరెంటూ ఉంటే చాలు.

తెలుగులో ఈ పని చేసినవాళ్ళలో నేను మొదటివాణ్ణీ కాను, పెద్దవాణ్ణీ కాను. నల్లమోతు శ్రీధర్ గారు 'కంప్యూటర్ ఎరా' అనే మాసపత్రికకి సంపాదకులుగా ఉండి ఈ సంగతులు తెలుగులో విప్పి చెప్పేరు. నాబోటివాళ్ళం ఆ బాట వెంట పోయినవాళ్ళమే. ఒకప్పుడు పిల్లలకి లెక్కలు చెప్పేను గనక ఊళ్ళో నన్ను ఇప్పటికీ "మాస్టారూ" అనే పిలుస్తారు.

ధాన్యం వర్తకుడు బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి అరచేతిలో పోసి చూపిస్తాడు. దాన్ని మచ్చు అంటారు. కంపెనీలవాళ్ళు మాకు పంపేది కూడా మచ్చే. కొత్త వస్తువు బజారులోకి రావడానికి ముందో, వచ్చిన వారానికో ఒక పార్సిలు వస్తుంది. విప్పి, కంప్యూటరుకి తగిలించి, నాలుగు రోజులు దాన్ని నానా హింసా పెట్టి, సంగతి రాయాలి. కార్డుల్లో ఇప్పుడు లక్షన్నరా రెండు లక్షలూ పలికేవి ఉన్నాయి. అలాంటివి పని కాగానే వెనక్కి పంపమంటారు. చిన్న చిన్న సామాన్ల సంగతి ఎవరూ అడగరు. అవి మా అటక ఎక్కుతాయి.

మొదటిసారి పార్సిలు వచ్చినరోజున మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఊరికే పంపిస్తారుటండీ?"

"ఊరికే ఎందుకు? నేను దాని గుణం రాస్తాను గదా."

"గుణం రాస్తారని పంపిస్తారా, దోషం రాయరని పంపిస్తారా?"

ఆవిడ ఏ న్యాయశాస్త్రమూ చదవలేదు. అయినా ఈ వృత్తికి సంబంధించిన ధర్మసందేహం అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఆరోజు నేను నవ్వేసి ఊరుకున్నాను.

అసలు మా గోదావరి జిల్లాల్లో ఈ పని మరీ కష్టం. మర్యాదకి ప్రాణం పెట్టే ప్రాంతం. మంచినీళ్ళడిగితే మజ్జిగ ఇస్తారు, మజ్జిగ అడిగితే భోంచేసి వెళ్ళమంటారు. సంక్రాంతికి కొత్త అల్లుడికి ఎన్ని వంటకాలు వడ్డించేరో పేపర్లో పడుతుంది. పెట్టడం మాకు వచ్చు. తినడమూ వచ్చు. తిన్నాక వంక పెట్టడం మాత్రం రాదు. వంక పెట్టినవాడి పేరు మూడు తరాలు చెప్పుకుంటారు. అలాంటి నేలమీద పుట్టి, ఎవరో పంపిన వస్తువుని ముందుపెట్టుకుని దానికి లోపాలు వెతకడమంటే, పుట్టుకతో వచ్చిన అలవాటుకి ఎదురీదడమే.

అయినా నేను ఎదురీదుతున్నాననే అనుకునేవాణ్ణి. నాకు ఒక గర్వం ఉండేది. నేను అబద్ధం రాయను. కొలిచిందే రాస్తాను. అంకె ఎంత వస్తే అంత.

పాఠకులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యా, 1000 గిగాబైట్లని రాసి ఉన్న డ్రైవు కొన్నాను. కంప్యూటరుకి తగిలిస్తే 931 అని చూపిస్తోంది. మిగతా 69 ఎవరు తిన్నారు?" ఎవరూ తినలేదు. తయారుచేసేవాడు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కపెడుతుంది. వెనకటి రోజుల్లో ఊరికీ ఊరికీ కుంచం తేడా ఉన్నట్టే ఇదీను. గింజలు అవే, కుంచం వేరు. ఇలా జవాబు రాసి సంతోషించేవాణ్ణి. కాని ఇందులో ఒక చమత్కారం ఉంది చూడండి. అమ్మినవాడు అబద్ధం ఆడలేదు. కంప్యూటరూ అబద్ధం ఆడలేదు. కొన్నవాడు మాత్రం మోసపోయినట్టు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ అబద్ధం ఆడకుండానే ఒక మనిషికి నిజం అందకపోవచ్చన్నమాట. ఈ సంగతి అప్పుడే నా తలకెక్కి ఉండవలసింది. ఎక్కలేదు.

ఎందుకంటే నా దృష్టి ఎంతసేపూ ఇతరుల మోసాలమీద ఉండేది. అవి రాయడంలో ఉన్న మజా అంతా ఇంతా కాదు. 2001లో ఏటీఐ అనే కంపెనీ రేడియాన్ 8500 అని ఒక గ్రాఫిక్స్ కార్డు తెచ్చింది. ఆ రోజుల్లో కార్డు వేగం చూడాలంటే క్వేక్ అనే ఆట నడిపించి చూడటం ఆనవాయితీ. కార్డు ఆ ఆటలో భేషుగ్గా పరుగెత్తింది. హార్డ్ ఓసీపీ అనే అమెరికా సమీక్షకులకి అనుమానం వచ్చింది. ఆట పేరు కొంచెం మార్చి క్వేక్‌ని క్వాక్ చేసేరు. భూకంపం కాస్తా బాతు అరుపయింది. ఆట అదే, కార్డూ అదే, వేగం మాత్రం పడిపోయింది. సంగతేమిటయ్యా అంటే, పరీక్ష పేరు కనిపించగానే బొమ్మ నాణ్యం కొంచెం తగ్గించుకుని వేగం పెంచుకునే ఏర్పాటు లోపల ఉంది.

ఇది చదివినప్పుడు నాకు మా చిన్నప్పటి బడి తనిఖీ గుర్తుకొచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు వచ్చేరోజున మా పంతులుగారు ముందే చెప్పి ఉంచేవారు. "ఆయన ప్రశ్న అడగ్గానే అందరూ చేతులెత్తండి. జవాబు తెలిసినవాడు కుడిచెయ్యి, తెలియనివాడు ఎడమచెయ్యి." ఇన్‌స్పెక్టరుగారికి చేతుల అడవి కనిపించేది. మెచ్చుకుని వెళ్ళిపోయేవారు. పాపం ఆయనా అబద్ధం రాయలేదు, చూసిందే రాసుకున్నారు.

ఇంకొకటి. పెంకుటిల్లు చూసేరు గదా. పెంకు మీద పెంకు సగం ఎక్కి ఉంటుంది. హార్డ్ డిస్కు పళ్ళెం మీద కూడా గీతమీద గీత అలా ఎక్కించి రాస్తే, అంతే చోటులో ఎక్కువ సమాచారం పడుతుంది. చదువుకోవడానికి ఇబ్బంది లేదు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే మాత్రం దానిమీది వరసంతా ఎత్తి మళ్ళీ పేర్చాలి. నాలుగైదు డ్రైవుల్ని జట్టుకట్టి రాత్రింబవళ్ళు నడిపేవాళ్ళకి ఇది అచ్చిరాని పద్ధతి. అలాంటివాళ్ళ కోసమని వెస్టర్న్ డిజిటల్ వారు అమ్మిన రెడ్ రకం డ్రైవుల్లో కొన్నిటిలో ఈ పద్ధతే ఉందనీ, ఆ సంగతి కొనేవాళ్ళకి చెప్పలేదనీ 2020 ఏప్రిల్‌లో బ్లాక్స్ అండ్ ఫైల్స్ అనే బ్రిటిష్ పత్రిక బయటపెట్టింది. మిగతా ఇద్దరు పెద్ద తయారీదారులూ కొన్ని డ్రైవుల్లో ఆ పనే చేసినట్టు తేలింది. మొదట అనుమానపడింది ఎవరనుకున్నారు? మాలాంటి సమీక్షకులు కాదు. డబ్బు పెట్టి కొనుక్కుని, చెడిపోయినదాని స్థానంలో కొత్తది పెడితే జట్టు కుదరక తలపట్టుకున్నవాళ్ళు.

ఎన్విడియా వారి జీటీఎక్స్ 970 కార్డు కథా ఇంతే. 2014లో వచ్చినప్పుడు 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి అన్నారు. అందరం పొగిడేం. 2015 జనవరికి తేలిందేమిటంటే, అందులో మూడున్నర చురుకైనది, ఆఖరి అర నత్తనడకది. కంపెనీ లోపల ఒకరు చెప్పింది ఇంకొకరికి సరిగ్గా అందలేదన్నారు. 2016లో అమెరికాలో కొన్నవాళ్ళకి తలా 30 డాలర్లు ఇచ్చుకోడానికి ఒప్పుకున్నారు. 2020లో వచ్చిన క్రూషియల్ పీ2 అనే ఎస్ఎస్‌డీలో మొదట గదికి మూడు బిట్లు దాచే చిప్పులు ఉండేవి. సమీక్షకులు చూసింది అది. 2021 నాటికి అదే పేరుతో, గదికి నాలుగు బిట్లు దాచే చిప్పులతో వచ్చింది. గదికి నలుగురు కాపురం ఉంటే అద్దె కలిసొస్తుంది గాని రాకపోకలు నెమ్మదిస్తాయి. మచ్చు చూసి మెచ్చుకున్నవాడు ఒకడు, బస్తా ఇంటికి మోసుకెళ్ళేవాడు ఇంకొకడు.

ఈ కథలన్నీ నేను రసవత్తరంగా రాసేవాణ్ణి. రాస్తున్నంతసేపూ నేను గట్టుమీద ఉన్నాననీ, బురదలో ఉన్నది వాళ్ళనీ అనుకునేవాణ్ణి.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం మండపేట వైపు నుంచి ఒక ఫొటో స్టూడియో అబ్బాయి మా ఇంటికొచ్చేడు. అబ్బాయంటే నలభై ఏళ్ళుంటాయి. వస్తూ వస్తూ అరటిపళ్ళు పట్టుకొచ్చేడు. చేతిరుమాల్లో ఏదో చుట్టి ఉంది. విప్పేడు. జేబులో పట్టేంత హార్డ్ డిస్కు. చూడగానే గుర్తుపట్టేను. దాని గురించి రాసింది నేనే.

"టిక్కు టిక్కుమంటోందండి. తెరుచుకోట్లేదు. హైదరాబాదు పంపించేనండి. లోపల పళ్ళెం గీసుకుపోయింది, రాదన్నారండి. తమరేమైనా తియ్యగలరేమోనని..."

"ఏమున్నాయయ్యా అందులో?"

"పెళ్ళిళ్ళండి. పదకొండు పెళ్ళిళ్ళు. ఆల్బాలు ఇచ్చేసేనండి, ఆ గొడవ లేదు. వీడియోలే, కొన్ని ఇంకా కత్తిరించి ఇవ్వాలండి. అందులో ఒక పెళ్ళి..." అని ఆగేడు.

ఆ పెళ్ళి అయిన మూడు నెలలకి పెళ్ళికూతురి తండ్రి పోయేడట. ఆ పిల్ల అత్తవారింటినుంచి వచ్చి, అప్పగింతల ముక్క ఒక్కటి ఇప్పించమని అడిగిందట. తండ్రి పాలలో చేతులు ముంచి అల్లుడికి అప్పగిస్తూ ఏదో అన్నాడట. ఏమన్నాడో ఆ ఏడుపులో ఆ పిల్లకి వినపడలేదట. వీడియోలో విందామనుకుంది.

నేను ఆ డిస్కుని మూడు రోజులు ఉంచుకుని నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించేను. రాలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు అతనేమీ నిష్ఠూరమాడలేదు. రుమాల్లో చుట్టుకుంటూ, "తమరు రాసేరు గదా అని కొన్నానండి" అన్నాడు. అది ఫిర్యాదు కాదు. ఎందుకు కొన్నాడో చెప్పేడు, అంతే. తిడితే బావుండును.

ఆ రాత్రి పాత పత్రిక తీసి నేను రాసింది మళ్ళీ చదివేను. నేరం మోపబడినవాడు తన వాఙ్మూలం చదువుకున్నట్టు చదివేను. వేగం ఎంతో రాసేను, సరైనదే. వేడి ఎంతెక్కిందో రాసేను; సరైనదే. ధర సరైనదే, బరువు సరైనదే. ఒక్క అంకె తప్పు లేదు. ప్రాణం కుదుటపడింది. నేను అబద్ధం రాయలేదు.

తరవాత మనసు ప్లీడరులా వాదన మొదలుపెట్టింది. అతను రెండో ప్రతి ఎందుకు పెట్టుకోలేదు? అది అతని తప్పు కాదూ? నిజమే, కొంత అతని తప్పే. పైగా ఆ డిస్కు రకమే చెడ్డదని కూడా చెప్పలేం. అమెరికాలో బ్యాక్‌బ్లేజ్ అనే సంస్థ 2013 నుంచీ తన దగ్గర నడుస్తున్న డ్రైవుల్లో ఏవి ఎన్ని పోయేయో లెక్కకట్టి ప్రకటిస్తోంది. ఇప్పుడు వాళ్ళ దగ్గర మూడు లక్షల పైచిలుకు డ్రైవులున్నాయి. ఇటీవలి లెక్కల్లో ఏడాదికి నూటికి ఒకటికీ రెండుకీ మధ్య పోతున్నాయి. ఎంత మంచి కంపెనీదైనా నూటికి ఒకటో రెండో పోవడం ఖాయం. ఆ ఒకటి ఇతని వంతుకి వచ్చింది. గోదావరిలో పుష్కర స్నానానికి వెయ్యిమంది దిగితే ఒకడి చెప్పులే పోతాయి. దానికి నేనేం చెయ్యను?

ఇంకా వాదించేను. సమీక్షంటే పెళ్ళిచూపులు. గంటసేపు కూర్చుంటాం, ఉప్మా తింటాం, అమ్మాయి పాడితే వింటాం. కాపురం సంగతి ఎవడు చెప్పగలడు? కడియం నర్సరీకి వెళ్ళి కొత్తపల్లి కొబ్బరి అంటు అడిగితే, అమ్మేవాడు ఒక మొక్క చేతిలో పెడతాడు. ఆకు చూస్తే ఏ మామిడైనా మామిడే. అది కొత్తపల్లి కొబ్బరో, ఉత్త పీచుకాయో తేలేది కాపు కొచ్చేక, నాలుగైదేళ్ళకి. నేనూ అంతే గదా, నాలుగు రోజుల ఆకు చూసి రాసేవాణ్ణి.

ఇంతవరకూ వాదించి, కేసు గెలిచినట్టే లేచి పత్రిక మడవబోతూ ఆఖరి వాక్యం చూసేను. "ఫొటోగ్రాఫర్లు తమ విలువైన పనిని నిశ్చింతగా దాచుకోవచ్చు."

నిశ్చింతగా.

వేగం కొలవడానికి నా దగ్గర సాధనం ఉంది. వేడి కొలవడానికి ఉంది. నిశ్చింతని ఏ సాధనంతో కొలిచేను? నాలుగు రోజులు నా బల్లమీద, ఫేను కింద, హాయిగా పడుకున్న ఒక్క డిస్కుని చూసి, మూడు లక్షల డ్రైవులు పెట్టుకుని ఏళ్ళ తరబడి లెక్కలు కట్టేవాడు కూడా అనలేని మాటని నేనెలా అన్నాను? ఏ డిస్కు గురించి అయినా ఆ మాట అబద్ధమే. మంచి డిస్కు గురించి కూడా అబద్ధమే.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని అటకెక్కి పాత డబ్బా వెతికేను. దొరికింది. అందులో మడతపెట్టిన కరపత్రం ఉంది. ఇంగ్లీషులో, చింతలేకుండా దాచుకోండని పెద్ద అక్షరాలతో ఉంది. నా తెలుగు మాట దానికి అనువాదం. నాకు తెలియకుండానే చేసేను. ఎవరూ లంచం ఇవ్వలేదు, ఎవరూ రాయమనలేదు. తిన్న ఇంట్లో లేచేటప్పుడు "వంట అమృతం" అంటాం చూడండి, అలా మర్యాదకి వచ్చేసిన మాట. అంకెలన్నీ నావి. ఆ ఒక్క మాటా వాళ్ళది. మండపేట అబ్బాయి కొన్నది నా అంకెల్ని చూసి కాదు, ఆ ఒక్క మాట చూసి. సెకనుకి ఎన్ని మెగాబైట్లయితే అతనికేం?

మా ఆవిడ కింద నిచ్చెన పట్టుకుని నిలబడి, "ఏమిటండీ అర్ధరాత్రి అటకమీద?" అంది. "ఉప్పు లెక్క చూసుకుంటున్నాను" అన్నాను. ఎవరి ఉప్పు తిన్నానో అన్నది నా భావం. ఆవిడకి అర్థమయిందో లేదో, మాట్లాడలేదు.

అప్పట్నించీ నాకొక సందేహం పట్టుకుంది. అబద్ధం చెప్పకపోవడమూ, నిజం చెప్పడమూ ఒకటేనా? మనందరం చిన్నప్పట్నించీ మొదటిదాన్నే ధర్మమనుకుని పెరిగేం. మొదటిది నా చేతులు శుభ్రంగా ఉంచుకోవడం కోసం. రెండోది ఎదుటివాడి కోసం. నా చేతులు ఎంత శుభ్రంగా ఉన్నా, ఎదుటివాడు నూతిలో పడొచ్చు.

కంపెనీలు వస్తువులు పంపడం మానేస్తే ఈ రోగం కుదురుతుందా? కుదరకపోవచ్చు. డబ్బు పెట్టి కొనుక్కున్నవాడికీ తన వస్తువుమీద మమకారం ఉంటుంది. మచ్చు అక్కర్లేదనడం నాబోటివాడికి శక్తికి మించిన పని కూడాను. కాని మచ్చు ఇచ్చేవాడికి దాని శక్తి తెలుసు. 2020 డిసెంబరులో ఎన్విడియా వారు ఆస్ట్రేలియాలోని హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ అనే సమీక్షకులకి, మేం గొప్పగా చెప్పుకునే అంశానికి మీరు తగినంత విలువ ఇవ్వడం లేదు గనక ఇకమీదట మా కార్డులు పంపమని రాసేరు. వాసాలు లెక్కపెట్టినవాడికి విస్తరి లేదన్నమాట. లోకం గగ్గోలు పెట్టేసరికి నాలుగు రోజుల్లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అక్కడ బెదిరింపు ఉత్తరం వచ్చింది గనక పోరాడటానికి వీలయింది. నాకు బెదిరింపు రాలేదు. ఆదరణ వచ్చింది. దానితో ఎలా పోట్లాడను?

ఇలాంటప్పుడు మా ఊరివాడే ఒకాయన గుర్తుకొస్తాడు. కందుకూరి వీరేశలింగంగారు ధవళేశ్వరంలో బడి పంతులుగా ఉంటూ 1874లో 'వివేకవర్ధని' మొదలుపెట్టేరు. కోర్టుల్లో, కచేరీల్లో లంచాలు తినేవాళ్ళని అందులో ఉతికి ఆరేసేరు. తనకి తెలిసినవాళ్ళున్న ఊళ్ళో, రోజూ ఎదురుపడే మనుషుల మధ్య ఉండి రాసేరు. ఆయనతో నాకు పోలికేమిటి? పోలిక చెప్పుకోడానికి కాదు. పత్రికలో రాసేవాడు ఎవరి ఉప్పు తింటున్నట్టో ఆయనకి సందేహం లేదని చెప్పడానికి. డబ్బిచ్చి పత్రిక కొని చదివేవాడి ఉప్పు. ఆ లెక్కన తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం నాకు దోషం కాదు. నేను తిన్న ఇల్లు పాఠకుడిది. కంపెనీవాడి ఇంట్లో వాసాలు లెక్కపెట్టమని నన్ను పంపింది అతనే.

మరి ఎలా లెక్కపెట్టాలి? దానికి జవాబు ధవళేశ్వరంలో దొరికింది. శ్రావణమాసంలో ఒకరోజు బరాజ్ మీదకి వెళ్ళేను. వరద రోజులు. నీటిమట్టం కొలిచే చోట జనం మూగి ఉన్నారు. అక్కడ లెక్కొకటుంది. మట్టం 11.75 అడుగులయితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అయితే రెండోది. 17.75 అయితే మూడోది. 1986 ఆగస్టులో 24.55కి పోయింది. ఆ అంకె లంకల్లో ముసలివాళ్ళకి ఇప్పటికీ నోటికొచ్చు.

అక్కడ నిలబడి ఆలోచించేను. పదకొండూ ముప్పాతిక అన్నది ఉత్త అంకె. లంకలో పాకలో ఉన్నవాడికి దాంతో పనిలేదు. గొడ్లని విప్పాలా, బియ్యం ఎత్తుమీద పెట్టాలా, పిల్లల్ని పడవ ఎక్కించాలా, అదీ వాడికి కావలసింది. అందుకని ఎవరో పెద్దలు కూర్చుని, ఈ అంకెకి ఈ హెచ్చరిక అని ముడిపెట్టేరు. ముడిపెట్టినందువల్ల ఆ అంకె లంకదాకా వెళ్ళింది. నేనేం చేసేను? అంకె మాత్రం కచ్చితంగా చదివి, హెచ్చరిక ఎగరెయ్యవలసిన చోట "నిశ్చింతగా పడుకోండి" అని చాటింపు వేసేను. నది ఉప్పు తిని మట్టం తగ్గించి చెప్పేవాడు అక్కడ ఎవరూ లేరు. నేను మాత్రం ఉన్నాను.

అప్పట్నించీ నా వ్యాసం చివర ఒక పేరా చేరుస్తున్నాను. దానికి 'నేను చూడనివి' అని పేరు. ఈ వస్తువు కంపెనీవారు పంపిన మచ్చు. అంగట్లో దొరికేది ఇదే అవునో కాదో తెలియదు. నాలుగు రోజులే చూసేను. ఏడాది తరవాత ఎలా ఉంటుందో చెప్పలేను. ఏ డ్రైవైనా ఒకనాటికి పోతుంది గనక ప్రాణప్రదమైనవి ఒక్కచోటే ఉంచకండి. ఇంతే. సంపాదకుడుగారు ఫోను చేసి, "మాస్టారూ, ప్రతిసారీ అదే పేరానా? ఎవరు చదువుతారండీ?" అన్నారు. "చదవకపోయినా వెయ్యండి" అన్నాను. వేస్తున్నారు పాపం. ఒక కంపెనీవారు మచ్చులు పంపడం మానేసేరు. ఈ పేరా వల్లనో, నా వయసు వల్లనో తెలియదు. అటకమీది డబ్బాలు కావాలా అని పంపినవాళ్ళకి రాసేను. ఎవరూ అక్కర్లేదన్నారు. ఒక బడికి ఇచ్చేసేను. ఇప్పుడు అక్కడ మా ఆవిడ ఆవకాయ జాడీలు పెట్టుకుంది.

దీనివల్ల ఆ పిల్లకి తండ్రి మాట వినిపించదు. ఆ సంగతి నాకు తెలుసు. చేసిన తప్పుని దిద్దుకోవడం వేరు, మళ్ళీ చెయ్యకపోవడం వేరు. నాకు రెండోదే చేతనయింది.

మొన్న మండపేట అబ్బాయి మళ్ళీ వచ్చేడు. ఈసారీ అరటిపళ్ళు తెచ్చేడు. కొత్త డిస్కు కొనాలట. ఇంత జరిగేక కూడా నన్నే అడగడానికి వచ్చేడు.

"ఏది కొనమంటారు మాస్టారూ?"

"ఏదైనా కొనవయ్యా. కాని రెండు కొను. ఒకటి స్టూడియోలో పెట్టు, ఒకటి ఇంట్లో పెట్టు. రెంటిలోనూ అన్నీ ఉండాలి."

"రెండూ పోతేనండీ?"

"రెండూ ఒకేరోజు పోవడం అరుదు. పోవని మాత్రం నేను చెప్పలేను."

అతను నన్ను కాసేపు ఎగాదిగా చూసి నవ్వేడు. "ఆయ్. ఈ మాట అప్పుడే రాసి ఉంటే సరిపోను గదండీ" అన్నాడు.

అరటిపళ్ళు తీసుకెళ్ళిపొమ్మన్నాను. వినలేదు. బల్లమీద పెట్టేసి వెళ్ళిపోయేడు.